ప్రతి జవాబూ ఒక ప్రశ్నను పిలుస్తుంది: ఉద్యోగ ఇంటర్వ్యూలో వ్యక్తిత్వ చిత్రం

సివిల్ సర్వీసెస్ మెయిన్స్ రాత పరీక్షకు 1750 మార్కులు, ఆ తర్వాతి ఇంటర్వ్యూకు 275 మార్కులు ఉంటాయి. మొత్తం 2025 మార్కుల్లో ఇంటర్వ్యూ వాటా పద్నాలుగు శాతం కూడా లేదు. అయినా ఒకటి రెండు మార్కుల తేడాతో ర్యాంకులు పదుల సంఖ్యలో తారుమారయ్యే పోటీలో, ఢిల్లీలోని షాజహాన్ రోడ్డు ధోల్‌పూర్ హౌస్‌లో అరగంట అటూ ఇటుగా సాగే ఆ సంభాషణ కొందరిని ఐఏఎస్‌కు, కొందరిని మరో సర్వీసుకు చేరుస్తుంది. మరికొందరిని మళ్లీ ప్రిలిమ్స్ పుస్తకాల ముందు కూర్చోబెడుతుంది. ఈ పరీక్షను నిర్వహించే కేంద్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ (యూపీఎస్సీ) దీన్ని వ్యక్తిత్వ పరీక్ష అంటుంది. విషయ పరిజ్ఞానాన్ని రాత పరీక్షలోనే కొలిచేశామనీ, ఇక్కడ జరిగేది న్యాయస్థానంలో చేసే క్రాస్ ఎగ్జామినేషన్ వంటిది కాదనీ, సహజంగా సాగుతూనే ఒక ఉద్దేశంతో నడిచే సంభాషణ ద్వారా అభ్యర్థి మానసిక లక్షణాలను తెలుసుకోవడమే లక్ష్యమనీ నోటిఫికేషన్‌లోనే రాస్తుంది. చురుకుదనం, స్పష్టంగా తర్కబద్ధంగా చెప్పగలగడం, సమతూకమైన నిర్ణయం, ఆసక్తుల్లో వైవిధ్యం, నాయకత్వం, నిజాయతీ వంటివి అందులో పేర్కొన్న లక్షణాలు.

వీటిలో ఏ ఒక్కటీ నేరుగా కంటికి కనిపించేది కాదు. ఎదురుగా కూర్చున్న ఛైర్‌పర్సన్‌కూ సభ్యులకూ కనిపించేది ఒక మనిషి, వినిపించేవి కొన్ని జవాబులు. ఆ జవాబుల నుంచి వారు ఒక చిత్రాన్ని ఊహించుకుని దానికి మార్కులు వేస్తారు. కాబట్టి ఇంటర్వ్యూలో అభ్యర్థి చేసే పని సమాచారం అందించడం కన్నా, తనను ఎలాంటి మనిషిగా ఊహించుకోవాలో బోర్డుకు ఆధారాలు అందించడం. కోచింగ్ కేంద్రాల్లో దీన్ని చాలావరకు ‘మంచి జవాబు’ తయారుచేసుకునే కసరత్తుగా నేర్పుతారు. అసలు కీలకం మరోచోట ఉంది. ఒక జవాబు విలువ అది ఎంత బాగుంది అన్నదానితో పూర్తిగా తేలదు. అది ఎలాంటి తర్వాతి ప్రశ్నను పిలుస్తుంది, ఆ ప్రశ్న వచ్చినప్పుడు అభ్యర్థి దాని బరువు మోయగలడా లేదా అన్నదానితో తేలుతుంది.

ఈ క్రమం ఇంటర్వ్యూ గదిలోకి అడుగుపెట్టక ముందే మొదలవుతుంది. అభ్యర్థులు ‘డాఫ్’ అని పిలుచుకునే వివరణాత్మక దరఖాస్తులో పుట్టిన ఊరు, చదువు, చేసిన ఉద్యోగాలు, బహుమతులు, హాబీలు, సర్వీసుల ప్రాధాన్య క్రమం అన్నీ ఉంటాయి. బోర్డు ముందు ఉండే కాగితం అదే. రాత పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయో వారికి తెలియదు. అంటే ప్రశ్నపత్రంలో పెద్ద భాగాన్ని అభ్యర్థే కొన్ని నెలల ముందు తన చేతులతో రాసి ఇచ్చినట్టే. ఏదో ఒకటి రాయాలి కదా అని హాబీల గడిలో ‘పుస్తక పఠనం’ అని రాసినవారిని ఇటీవల చదివిన పుస్తకం గురించి అడుగుతారు. ఆ పుస్తకం పేరు చెప్పగానే, అందులో ఏ వాదనతో విభేదిస్తారని అడుగుతారు. పేరు చెప్పడానికి చదవనక్కర్లేదు, విభేదించడానికి మాత్రం చదివి తీరాలి. ఐపీఎస్‌ను మొదటి ప్రాధాన్యంగా పెట్టిన ఇంజినీరును ఐఏఎస్ ఎందుకు వద్దనుకున్నారని అడగకుండా వదలడం అరుదు.

పుట్టిన ఊరి మీద వచ్చే ప్రశ్నల్లో ఈ ఆట ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కొల్లేరు ఒడ్డున, కైకలూరు ప్రాంతపు లంక గ్రామం నుంచి వచ్చిన ఒక అభ్యర్థిని ఊహించుకుందాం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సును ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట సరస్సులోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించింది. కొల్లేరులో చెరువులు తొలగించడం సరైనదేనా అని బోర్డు సభ్యుడొకరు అడిగారనుకుందాం.

చట్టం చట్టమే, అభయారణ్యంలో ఆక్రమణలను తొలగించాల్సిందే అని చెప్పే అభ్యర్థి తడబాటు లేకుండా మాట్లాడాడు, తప్పేమీ చెప్పలేదు. కానీ ఆ జవాబు వెంటనే ఒక ప్రశ్నను పిలుస్తుంది: తరతరాలుగా ఆ నీటినే నమ్ముకున్న మత్స్యకార కుటుంబం మీ కార్యాలయానికి వచ్చి నిలబడితే ఏం చెబుతారు? దానికి సిద్ధం కాని అభ్యర్థి ఇప్పుడు మొదటి మాటను సడలించాలి, లేదా మరింత బిగించాలి. సడలిస్తే మాట మార్చినట్టు, బిగిస్తే మనుషుల పట్ల పట్టింపు లేనట్టు కనిపిస్తాడు. మొదటి జవాబులో దృఢత్వంగా అనిపించినదే రెండో జవాబు వచ్చేసరికి మొరటుతనంగా మారిపోతుంది.

పర్యావరణం ముఖ్యమే, జీవనోపాధి కూడా ముఖ్యమే, రెండింటి మధ్య సమతుల్యత సాధించాలి, సుస్థిర అభివృద్ధి కావాలి అని చెప్పే అభ్యర్థి పరిస్థితి ఇంకా చిత్రమైనది. అందులో అభ్యంతరపెట్టడానికి ఏమీ లేదు, పట్టుకోవడానికీ ఏమీ లేదు. కొల్లేరు తీసేసి పులికాట్ అని పెట్టినా, చిలికా అని పెట్టినా ఆ వాక్యాలు చెక్కుచెదరవు. సభ్యుడు తల ఊపి మరో సభ్యుడి వైపు చూస్తాడు, సంభాషణ మరో అంశానికి వెళ్లిపోతుంది. అభ్యర్థి గండం గడిచిందని అనుకుంటాడు. నిజానికి అక్కడ పోయింది తన గురించి ఏమైనా చెప్పుకోగలిగిన ఒకే ఒక్క అవకాశం. మాక్ ఇంటర్వ్యూల్లో ఎక్కువ ప్రశంసలు అందుకునే జవాబు ఇదే కావడం కోచింగ్ పరిశ్రమలోని పెద్ద లోపం.

ఇక మూడో తరహా జవాబు ఇలా ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు కొల్లేరులో చేరి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. అడ్డంగా గట్లు లేచినప్పుడు నీరు వెనక్కి ఎగదన్ని లంక గ్రామాలనే ముంచుతుంది, కాబట్టి గట్ల తొలగింపుతో గ్రామస్థులకు నష్టంతో పాటు రక్షణ కూడా ఉంది. అయితే ఆ చెరువులన్నీ ఒకరివి కావు: సొంతంగా వల వేసుకునే కుటుంబం వేరు, బయటి నుంచి వచ్చి వందల ఎకరాలు లీజుకు తీసుకున్న పెట్టుబడిదారు వేరు. ఇద్దరినీ ఒకే జాబితాలో ఆక్రమణదారులుగా రాసినప్పుడే గొడవ మొదలవుతుంది. ఇలా చెప్పిన అభ్యర్థి తీర్పు ఇవ్వడానికి తొందరపడలేదు, అలాగని తప్పించుకోనూ లేదు. ఈ జవాబు పిలిచే ప్రశ్న ఏమిటో సులభంగానే ఊహించవచ్చు: ఆ రెండు వర్గాలనూ ఎలా వేరు చేస్తారు, ఏ రికార్డుల ఆధారంగా? లేదా, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు దిగువన కొల్లేరు పరిస్థితికి దానితో సంబంధం ఉందా? ఇవి ఒక అధికారిని అడిగే ప్రశ్నలు. బోర్డు ఆ క్షణానికి అభ్యర్థితో పరీక్షార్థితో మాట్లాడినట్టు కాకుండా జిల్లాలో పనిచేసే సహోద్యోగితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. నాయకత్వం, సమతూకం, సామాజిక అవగాహన అనే మాటలు అభ్యర్థి నోట ఒక్కసారి కూడా రాలేదు. అవన్నీ బోర్డు తనంతట తానే చేరుకున్న నిర్ధారణలు. ఒకరు చెప్పగా విన్న గుణం కన్నా తాను కనిపెట్టిన గుణాన్నే మనిషి ఎక్కువగా నమ్ముతాడు.

ఈ కారణం వల్లనే విశేషణాలతో నిండిన జవాబులు ఇంటర్వ్యూలో తేలిపోతాయి. తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలల్లో చివరి సంవత్సరం సీఆర్‌టీ (క్యాంపస్ నియామకాల శిక్షణ) తరగతులు చూసినవారికి ‘సెల్ఫ్ ఇంట్రో’ మూస పరిచయమే: పేరు, ఊరు, నాన్న రైతు, అమ్మ గృహిణి, నా బలాలు హార్డ్ వర్క్, పాజిటివ్ థింకింగ్, క్విక్ లెర్నింగ్, నా హాబీలు క్రికెట్ ఆడటం, పాటలు వినడం. ఒకే కళాశాలలో ఒకే రోజు వందమందిని చూసే హెచ్‌ఆర్ ప్రతినిధి ఆ మూసను పదో అభ్యర్థి దగ్గరే వినడం మానేస్తారు. సంత రోజున ఒకే వరుసలో కూర్చున్న అమ్మకందార్లందరూ తమ మామిడి తియ్యనిదని కేకలేస్తుంటే కొనేవాడు ఎవరు ముందు ముక్క కోసి చేతిలో పెడతారా అని చూస్తాడు. క్విక్ లెర్నర్‌ని అనడం బదులు, తుది సంవత్సరం ప్రాజెక్టులో డేటాబేస్ పని చేయాల్సిన స్నేహితుడు మధ్యలో తప్పుకుంటే ఆ భాగాన్ని రెండు వారాల్లో నేర్చుకుని ఎక్కడిదాకా తీసుకురాగలిగారో, ఎక్కడ ఆగిపోయారో చెప్పినవారు ఆ ముక్కను కోసి ఇచ్చినట్టు. ‘ఎక్కడ ఆగిపోయారో’ అన్నది ఇక్కడ ముఖ్యం. తన పనికి హద్దు చెప్పగలిగిన మనిషి, హద్దు లోపల చెప్పినదంతా నిజమే అన్న నమ్మకం కలిగిస్తాడు.

తెలుగువారి విషయంలో ఒక అలవాటు ఇక్కడ అడ్డుపడుతుంది. సొంత గొప్ప చెప్పుకోవడం మర్యాద కాదని నేర్చుకుంటూ పెరిగినవారు తాము చేసిన పనిని కూడా ‘మేం చేశాం’, ‘మా టీమ్ చేసింది’ అనే చెబుతారు. ఇంగ్లిష్‌లో జరిగే ఇంటర్వ్యూలోకీ ఆ ‘మేం’ తోడు వస్తుంది. ప్యానెల్‌లోని టెక్నికల్ లీడ్‌కు మాత్రం నలుగురిలో ఈ ఒక్కరు ఏం చేశారన్నదే కావాలి. అది తేలనప్పుడు, చేయనిదాన్ని బహువచనం వెనుక దాచుతున్నారన్న అనుమానం మొదలవుతుంది. వినయం కోసం వాడిన మాట దాపరికంలా వినిపించడం అన్యాయమే, కానీ ఆ గదిలో ఆ అన్యాయాన్ని సరిదిద్దే అవకాశం అభ్యర్థికే ఉంటుంది. పని అందరిదీ అని చెప్పి, అందులో తన వంతును ఒక్క వాక్యంలో విడదీసి చూపితే వినయమూ మిగులుతుంది, అనుమానమూ పోతుంది.

ఇలా తన గురించి ఎదుటివారిలో ఏర్పడే అభిప్రాయాన్ని మలచుకోవడం మీద సామాజిక మనస్తత్వ శాస్త్రంలో విస్తృతమైన చర్చ ఉంది. ఎడ్వర్డ్ జోన్స్, థేన్ పిట్‌మన్ 1982లో దీన్ని ఐదు ఎత్తుగడలుగా వర్గీకరించారు: ఎదుటివారికి నచ్చేలా మెలగడం, సామర్థ్యాన్ని చాటుకోవడం, ఆదర్శవంతుడిగా కనిపించడం, భయపెట్టడం, నిస్సహాయతను చూపి సానుభూతి పొందడం. ఉద్యోగ ఇంటర్వ్యూల్లో ఎక్కువగా పనిచేసేవి మొదటి రెండు. ఆ రెండింటికీ ఒకదానితో ఒకటి పొసగదన్నదే అసలు చిక్కు. సామర్థ్యం చాటుకునే కొద్దీ ఇష్టం తగ్గుతుంది, ఇష్టం కోసం తగ్గే కొద్దీ సామర్థ్యం కనిపించదు.

ఈ చిక్కు నుంచి బయటపడటానికి అభ్యర్థులు కనిపెట్టుకున్న దగ్గరి దారి ‘మీ బలహీనత ఏమిటి’ అన్న ప్రశ్నకు చెప్పే జవాబుల్లో కనిపిస్తుంది. నేను పర్ఫెక్షనిస్టుని, పనిలో పడితే టైమ్ తెలియదు, ఎవరైనా సాయం అడిగితే కాదనలేను: ఇవన్నీ బలహీనత వేషం వేసుకున్న బలాలు. ఒవుల్ సెజర్, ఫ్రాంచెస్కా జీనో, మైకేల్ నార్టన్ 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఇలా వినయం ముసుగులో గొప్ప చెప్పుకోవడం నేరుగా గొప్ప చెప్పుకోవడం కన్నా కూడా తక్కువ ఫలితం ఇస్తుంది, ఎందుకంటే వినేవారికి అందులో కపటం కనిపిస్తుంది. నేరుగా గొప్ప చెప్పుకున్నవాడు కనీసం నిజాయతీపరుడిగానైనా మిగులుతాడు. బలహీనత ప్రశ్నకు పనికొచ్చే జవాబులో ఆ పని చేయడానికి అడ్డం కాని ఒక నిజమైన లోపం ఉంటుంది, దాని వల్ల ఒకసారి జరిగిన నష్టం ఉంటుంది, దాన్ని అదుపులో పెట్టడానికి ఇప్పుడు పాటిస్తున్న చిన్న ఏర్పాటు ఉంటుంది. పదిమంది ముందు మాట్లాడాలంటే తడబడతాను, అందుకే ప్రెజెంటేషన్‌కు ముందు రోజు స్నేహితుడి ముందు ఒకసారి చెప్పి చూసుకుంటాను అన్న మాటను, పరీక్షించాలనుకున్న ప్యానెల్ అక్కడికక్కడే పరీక్షించవచ్చు కూడా.

తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు ఏర్పడే చిత్రం అన్నిటికన్నా వేగంగా ఏర్పడుతుంది. తెలియదని చెప్పడం మంచిదే అన్న సలహా అందరూ ఇస్తారు గానీ, తెలియదన్న మాటలోనూ తేడాలున్నాయి. సొంత జిల్లాలోని నది పేరు, చేస్తున్న ఉద్యోగంలోని ప్రాథమిక విషయం, సొంత డిగ్రీలోని మొదటి పాఠం తెలియదనడం నిజాయతీ కింద జమకాదు. అది నిర్లక్ష్యం కిందే పోతుంది. ఎక్కడో ఆఫ్రికాలోని వాణిజ్య ఒప్పందం వివరాలు తెలియవని చెబితే ఏ నష్టమూ లేదు. ఈ రెండింటి మధ్య ఉండే ప్రశ్నలకు, తెలిసినంతవరకు చెప్పి అక్కడి నుంచి ఊహిస్తున్నానని ముందే చెప్పి ఊహించడం సభ్యులకు నచ్చే పద్ధతి. ఊహ తప్పయినా ఆలోచన నడిచిన దారి వారికి కనిపిస్తుంది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి దొరికిపోతే మాత్రం ఆ ఒక్క జవాబుతో ఆగదు. అంతకు ముందు సరిగ్గా చెప్పినవాటి మీదా అనుమానపు నీడ పడుతుంది.

ముందు విన్నది తర్వాత విన్నదానికి రంగు వేస్తుందన్న సంగతి 1946లో సాలమన్ ఆష్ చేసిన ప్రయోగాలతో ప్రసిద్ధమైంది. తెలివైనవాడు, కష్టజీవి అని మొదలై మొండివాడు, అసూయాపరుడు అని ముగిసే లక్షణాల జాబితాను కొందరికి వినిపించి, అదే జాబితాను తలకిందులుగా మరికొందరికి వినిపిస్తే, మొదటి వరుస విన్నవారికి ఆ ఊహాజనిత మనిషి మీద మెరుగైన అభిప్రాయం కలిగింది. ‘మీ గురించి చెప్పండి’ అన్న మొదటి ప్రశ్నకు అంత బరువు రావడం అందువల్లనే. దాన్ని జీవిత చరిత్రగా కాక, రాబోయే అరగంటలో ఏయే విషయాల మీద మాట్లాడటానికి తాను సిద్ధమో సూచించే విషయ సూచికగా వాడుకున్న అభ్యర్థి సంభాషణను కొంతవరకు తన వీధిలోకి మళ్లించుకోగలడు.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పదు. ఇదంతా నటన కాదా? మలచుకోవడానికీ అబద్ధానికీ మధ్య గీత సన్నగానే ఉంటుంది, కానీ ఉంటుంది. ఉన్నవాటిలో ఏది ముందు చెప్పాలో ఎంచుకోవడం మలచుకోవడం. లేనిదాన్ని చేర్చడం అబద్ధం. ఐటీ ఉద్యోగాల మార్కెట్‌లో రెండోది ఒక చిన్న వ్యాపారంగానే సాగుతోంది. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రాలు, వీడియో ఇంటర్వ్యూలో తెర వెనుక నుంచి జవాబులు చెప్పే మనుషులు, వాటిని పట్టుకోవడానికి కంపెనీలు పెట్టుకున్న బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, చివరికి ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడే రౌండ్లు. నైతికత మాట పక్కన పెట్టినా, ఆ పద్ధతి ఆచరణలో నిలవకపోవడానికి కారణం ఒక్కటే: కల్పించిన మూడేళ్ల అనుభవం ప్రతి జవాబుతోనూ పది కొత్త ప్రశ్నలను పిలుస్తుంది, ఆ పదింటికీ జవాబులు మళ్లీ కల్పించాలి. ఉద్యోగం వచ్చాక కూడా ఆ ప్రశ్నలు ఆగవు.

అయితే చిత్రమంతా అభ్యర్థి చేతిలోనే ఉందని చెప్పడం నిజం కాదు. యాస, రంగు, ఇంటిపేరు, చదివిన కళాశాల, బట్టలు అన్నీ మాట కన్నా ముందే మాట్లాడతాయి. పెళ్లెప్పుడు, పిల్లలు పుట్టాక మానేస్తారా, నైట్ షిఫ్ట్‌కు ఇంట్లో ఒప్పుకుంటారా అని మహిళలను అడిగే ప్రశ్నలు పక్క గదిలోని పురుష అభ్యర్థికి ఎదురు కావు. పని పట్ల తన ప్రణాళిక ఏమిటో మర్యాదగా చెప్పి, వ్యక్తిగత విషయాన్ని అక్కడే ఆపేయడం ఆ ప్రశ్నకు ఉన్న దారుల్లో గౌరవమైనది, కానీ దానికి కూడా మూల్యం చెల్లించాల్సి రావచ్చు. భాష విషయంలో పరిస్థితి కొంత మెరుగుపడింది. సివిల్స్ ఇంటర్వ్యూను దుబాసీ సాయంతో తెలుగులో ఇవ్వడానికి వీలుంది. 2016 పరీక్షలో జాతీయస్థాయిలో మూడో ర్యాంకు తెచ్చుకున్న శ్రీకాకుళం జిల్లావాసి రోణంకి గోపాలకృష్ణ మెయిన్స్ తెలుగులోనే రాశారు. దుబాసీ ఉన్నప్పుడు వాక్యాలు పొట్టిగా, ఒక్కో వాక్యంలో ఒక్కో విషయంతో ఉండాలి. సామెతలూ చమత్కారాలూ అనువాదంలో సగం దారిలోనే ఆగిపోతాయి.

గదిలోని మనుషుల ఇష్టాయిష్టాలకు ఎంత విలువ ఇవ్వవచ్చన్న వాదన న్యాయస్థానాల దాకా వెళ్లింది. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల ప్రవేశాల్లో 150 మార్కులకు 50 ఇంటర్వ్యూకు పెట్టి, రెండు మూడు నిమిషాల్లో ముగించిన తీరును అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు 1980లో తప్పుపట్టింది. మొత్తంలో 15 శాతానికి మించడం ఏకపక్షమేనంది. 1985లో హరియాణా సివిల్ సర్వీసు నియామకాల కేసులో ఆ పరిమితిని యూపీఎస్సీ అప్పటి నిష్పత్తి ప్రకారం 12.2 శాతానికి దించింది. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, గెజిటెడ్ కాని గ్రూప్-బి స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణ 2022 నాటి గ్రూప్-1 నోటిఫికేషన్‌ను ఇంటర్వ్యూ లేకుండానే ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-1లో మాత్రం 75 మార్కుల ఇంటర్వ్యూ ఉంది. ప్రైవేటు రంగంలో పెద్ద సంస్థలు వేరే దారి పట్టాయి: అందరికీ అవే ప్రశ్నలు, ముందే రాసిపెట్టుకున్న కొలమానం, ప్రతి జవాబుకూ విడిగా మార్కులు. ఇష్టం వచ్చినట్టు సాగే ముచ్చట కన్నా ఇలా కట్టుదిట్టంగా నడిపే ఇంటర్వ్యూలే పనితీరును మెరుగ్గా అంచనా వేస్తాయని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. ‘ఒక క్లిష్ట పరిస్థితిని ఎలా ఎదుర్కొన్నారో ఉదాహరణతో చెప్పండి’ అన్న ప్రశ్నలు అక్కడివే. వాటి ముందు చిరునవ్వు, కరచాలనం పెద్దగా పనిచేయవు. జరిగిన సంగతి ఉండాలి.

మాక్ ఇంటర్వ్యూలకు ఇందులో ఉన్న పాత్ర అందరూ అనుకునేదానికి భిన్నమైనది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లోనైనా ఢిల్లీ రాజేంద్రనగర్‌లోనైనా రెండు మూడు మాక్‌లు గొంతు వణుకును, అనవసరపు ఊతపదాలను తగ్గిస్తాయి. ఆపైన జరిగేవి జవాబులను నునుపు చేస్తాయి. ఒకే నిపుణుడి దగ్గర నునుపుదేలిన ముప్పైమంది ఒకే వారంలో ఒకే బోర్డు ముందుకు వెళ్తే ఆ నునుపే వారిని బయటపెడుతుంది. కంఠస్థం చేసిన జవాబును పట్టుకోవడం అనుభవమున్న సభ్యుడికి కష్టం కాదు, మధ్యలో ఒక చిన్న ప్రశ్న వేసి వాక్యాన్ని తెంపితే చాలు. మాక్‌లో రాసుకోవాల్సింది తాను చెప్పిన జవాబులను కాదు, ఆ జవాబుల తర్వాత ఎదురైన రెండో ప్రశ్నలను.

చివరగా ప్రైవేటు ఇంటర్వ్యూల్లో దాదాపు తప్పకుండా వచ్చే మాట: మమ్మల్ని ఏమైనా అడగాలనుకుంటున్నారా? చాలామంది ఏమీ లేదండీ అని లేచిపోతారు, లేదా జీతం సంగతి ఎత్తుతారు. జీతం అడగడం తప్పు కాదు, దానికి హెచ్‌ఆర్ రౌండ్ ఉంది. ఈ పోస్టులో ఇంతకు ముందున్నవారు ఎందుకు మారారు, మొదటి మూడు నెలల్లో ఏ పని పూర్తయితే మీరు సంతృప్తి చెందుతారు, మీరు ఇందాక చెప్పిన పాత సిస్టమ్‌ను మార్చే పనిలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు వంటి ప్రశ్న అడిగిన అభ్యర్థి ప్యానెల్ చెప్పినదాన్ని శ్రద్ధగా విన్నట్టు తెలుస్తుంది, అప్పటికే ఆ కుర్చీలో కూర్చుని ఆలోచిస్తున్నట్టూ తెలుస్తుంది. అప్పుడు జవాబు చెప్పాల్సిన వంతు ప్యానెల్‌ది, ఆ జవాబును బట్టి అక్కడ చేరాలో వద్దో తేల్చుకోవాల్సిన వంతు అభ్యర్థిది.